పళ్ళెం మూలన కూర్చున్న పచ్చ ముద్ద గారికి

శ్రీయుత వసాబీ గారికి,

నమస్కారాలు. ఇక్కడ డాలస్ శివార్లలో మేమంతా క్షేమం. తమరు కూడా సుషీ (జపాన్ వాళ్ళ అన్నం చుట్టలు) పళ్ళెం మూలన, అల్లం ముక్కల పక్కన గుండ్రంగా, క్షేమంగా ఉన్నారని మొన్న శనివారం కళ్ళారా చూశాం.

అసలు విషయానికి వస్తాను. తమరు వసాబీ కారు, అంటే సుషీతో నంజుకునే ఆ జపాన్ ఘాటు దుంప ముద్ద కారు. ఈ మాట నేను అనడం లేదు, మీ ట్యూబు వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో మీవాళ్ళే అచ్చేశారు. హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు, ఆవపిండి, ఏదో నూనె, ఆపైన పసుపు రంగొకటి, నీలం రంగొకటి. రెండూ కలిపితే పచ్చన. చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులో మేమూ చేశాం.

అసలు వసాబీ గారి కథ వేరు. జపాన్‌లోని షిజువోకా కొండల్లో, చల్లటి ఊటనీరు ఆగకుండా పారే మడుల్లో పెరుగుతారాయన. చేతికి రావాలంటే ఏడాదిన్నర, రెండేళ్ళు ఆగాలి. అక్కడి సాగు పద్ధతిని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారసత్వంగా గుర్తించింది. ఆ దుంపని తినే ముందు, సొరచేప తోలు అతికించిన పలక మీద తురుముతారు. కాసేపు వదిలేస్తే ఘాటు దిగిపోతుంది. తమరేమో ఫ్రిజ్ తలుపులో నెలల తరబడి పడుకుని లేచి కూడా అదే పౌరుషం చూపిస్తున్నారు. అనుమానం రావలసింది అక్కడే.

అంత ఖరీదైన దుంప ప్రతి స్ట్రిప్ మాల్‌కీ రాదని నాకు తెలుసు. జపాన్‌లో కూడా చాలా హోటళ్ళలో మీ వంశమే నడిపిస్తోందట. పైగా మీ పళ్ళెంలో వేషం కట్టింది మీరొక్కరేనా? కాలిఫోర్నియా రోల్‌లో పీతనని చెప్పుకునే ఆయన మామూలు తెల్ల చేప, పొలాక్. పార్సిల్ డబ్బాలో మీకు అడ్డుగా నిలబడే పచ్చగడ్డి ప్లాస్టిక్. మిసో సూప్, అంటే పులియబెట్టిన సోయా ముద్ద చారు, అమాయకంగా పొగలు కక్కుతుంది గానీ, సాధారణంగా దాని అడుగున ఎండబెట్టిన బొనీటో చేప రసం ఉంటుంది. శాకాహారులు ‘నో మీట్’ అంటే చాలదు, ‘నో ఫిష్’ అని కూడా అడగాలి. అడిగినా ఒక్కోసారి లాభం లేదు, అది వేరే లేఖ.

నా గొడవంతా మీ చుట్టూ చేరిన భక్తులతో. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. తమర్ని సోయా సాస్‌లో కలిపితే చాలు, తాళి తెగినంత బాధపడతాడు. “అలా కలపకూడదు బ్రో, చేప మీద చిటికెడు రాయాలి, అదీ జపనీస్ పద్ధతి” అంటాడు. అంటూ ఉత్తర అమెరికాలో పుట్టిన రోల్ మీద, రంగేసిన హార్స్‌రాడిష్ రాసుకుని, కళ్ళు మూసుకుని నములుతాడు. ఇంకొకాయనది గుంటూరు. “కారం మాకో లెక్కా?” అంటూ ముద్ద మొత్తం నోట్లో వేసుకున్నాడు. మిరప ఘాటు నాలుక మీద కూర్చుని దెబ్బలాడుతుంది, తమరు ఆవిరై నేరుగా ముక్కులోకి ఎక్కుతారు. అక్కడ గుంటూరు పలుకుబడి పనిచేయదు. ఇంతకీ ఆ ఘాటు వృథా పోలేదట. వినపడనివాళ్ళని అగ్నిప్రమాదంలో నిద్ర లేపడానికి జపాన్ పరిశోధకులు వసాబీ వాసన చిమ్మే అలారం తయారుచేసి, 2011లో ఇగ్ నోబెల్, అంటే నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే బహుమతి, కొట్టారు. మా సోమవారం మీటింగుకి ఒకటి పంపించండి.

ఇన్నాళ్ళూ మీ గుట్టు బాగానే సాగింది. మొన్న మా అమ్మ వచ్చింది. తూర్పు గోదావరి మనిషి. మెనూ చదవలేదు, ట్యూబు చూడలేదు. కీరా రోల్ చివర తమర్ని కాస్త అంటించుకుని, ముక్కు తుడుచుకుని, “ఒరేయ్, ఇందులో ఆవ నూరి పెట్టార్రా” అంది.

అయిపోయింది మీ పని. పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం ఆవిడకి నిన్నటి విద్య కాదు. కూర పొయ్యి మీంచి దింపాకే పెడుతుంది, వేడికి ఘాటు పోతుందని. తమరిలో, ఆవలో, అసలు వసాబీ గారిలో ముక్కు అదరగొట్టే పదార్థం ఒకటేనని కెమిస్ట్రీ పుస్తకం చెబుతుంది. అమ్మకి ఆ పుస్తకం అవసరం పడలేదు. “దీనికి ఇంత డబ్బు తీసుకుంటున్నారా?” అని మాత్రం అడిగింది.

కోపం లేదండీ. మీరంటే ఇష్టమే. అవకాడో రోల్ తమరు లేకుండా నాకు గొంతు దిగదు. వచ్చే శనివారం కూడా అదే టేబుల్ దగ్గరికి వస్తున్నాం. కాకపోతే అమ్మ హ్యాండ్‌బ్యాగులో చిన్న స్టీలు డబ్బా ఉంటుంది, అందులో రాజమండ్రిలో దంచి తెచ్చిన ఆవపిండి. నాలుగు చుక్కల నీళ్ళు పోసి కలిపి, మీ పక్కనే పెడతానంటోంది.

తమరు కాస్త జరిగి చోటివ్వగలరని మనవి.

ఇట్లు,
తమరి ఆవగింజ వైపు చుట్టం