గడువులోపే కట్టేశారట!

ఈ వారం బంధువుల గ్రూపులో, కాలనీ గ్రూపులో, పాత సహోద్యోగుల గ్రూపులో ఒకటే సందేశం చక్కర్లు కొడుతోంది. పేరు "సిడ్నీ ఒపెరా హౌస్: మనం సిగ్గుపడాల్సిన నిజాలు". తామర రేకుల ఆకారంలో కట్టారట. తెల్లరంగు యాభై ఏళ్లయినా వెలవలేదట. మైకు లేకుండానే చివరి వరుస దాకా వినిపిస్తుందట. పన్నుల సొమ్ము ముట్టలేదట. చెప్పిన ఖర్చులో, చెప్పిన గడువులో పూర్తిచేశారట. ప్రారంభోత్సవం నాడు ఆర్కిటెక్టును ఎలిజబెత్ రాణి తన పక్కనే నిలబెట్టుకుని సన్మానించిందట. ఆఖర్న "మనవాళ్లేమో రవీంద్రభారతి చూసుకుని మురిసిపోతున్నారు" అని ఒక చురక.

తామర సంగతి వదిలేద్దాం. తామర కనబడ్డవారికి తామర, తెరచాప కనబడ్డవారికి తెరచాప. ఇక రంగంటారా, అసలు రంగే వేయలేదు. పైన ఉన్నవి స్వీడన్‌లో చేయించిన 10,56,006 టైల్స్. కొన్ని తళతళలాడే తెలుపు, కొన్ని మెరుపు లేని మీగడ రంగు. వేయని రంగు వెలిసేదెలా?

మైకు మాటకొస్తే, కాన్సర్ట్ హాలు, అంటే కచేరీలు జరిగే పెద్దహాలు, కప్పు దాదాపు 25 మీటర్ల ఎత్తున ఉంటుంది. వేదిక మీద వాయించేవారికి పక్కవారి వాద్యమే సరిగా వినిపించక, తలల పైన శబ్దాన్ని కిందికి తిప్పి పంపే అక్రిలిక్ వలయాలు వేలాడదీశారు. దశాబ్దాల ఫిర్యాదుల తర్వాత 2020లో హాలు మూసి, వాటిని తీసేసి, ముదురు గులాబీ రంగు ఫలకాలు అమర్చి 2022లో తెరిచారు. అన్నీ అంత చక్కగా వినిపిస్తే ఇదంతా ఎందుకు?

ఇప్పుడు అసలు విషయం, గడువు. దీన్ని ఊరికే వదలను, ఎందుకంటే మనల్ని మనం తిట్టుకోవడానికి పనికొస్తోంది ఇదే. 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ నమూనా ఎంపికైనప్పటి అంచనా ఆస్ట్రేలియా డాలర్లలో 70 లక్షలు. పూర్తి కావాల్సింది 1963 జనవరిలో. పూర్తయింది 1973లో, 10 కోట్ల 20 లక్షలకు. పదేళ్ల ఆలస్యం, పద్నాలుగు రెట్ల ఖర్చు. "సవరించిన అంచనాలు" మనకొక్కరికే సొంతమనుకున్నవారు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ఎందుకలా అయింది? సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి జో కాహిల్‌కు ఎన్నికల భయం. తర్వాత వచ్చేవారు ఆపేయకుండా 1959 మార్చిలోనే పని మొదలుపెట్టించారు, డ్రాయింగులు పూర్తికాకుండానే. కప్పు ఎలా నిలబడాలో తేలకముందే అడుగున పీఠం కట్టేశారు. ఆ కప్పు బరువుకు కింది స్తంభాలు చాలవని తరువాత తెలిసింది, మళ్లీ కట్టారు. తెరచాపల్లాంటి ఆ కప్పు డొప్పలన్నీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలైతే ఒకే అచ్చుల్లో కాంక్రీటు దూలాలు పోతపోయవచ్చునన్న కిటుకు దొరికింది 1961లో. టాగూర్ శతజయంతికి తలపెట్టిన మన రవీంద్రభారతి ప్రారంభమైంది కూడా ఆ ఏడాదే! రెండింటి స్థాయీ ఒకటి కాదు, నిజమే. కానీ పోలిక మొదలుపెట్టింది నేను కాదు.

అంతటితో అయిపోలేదు. పెద్దహాలు ఒపెరాకూ (పాటలతో సాగే నాటకం), కచేరీలకూ పనికొచ్చేలా ఉండాలనుకున్నారు. ఉట్జన్ వెళ్లిపోయాక దాన్ని కచేరీలకే పరిమితం చేసి, అప్పటికే బిగించిన రంగస్థల యంత్రాలను పీకేశారు. ఒపెరా చిన్నహాలుకు పోయింది. అక్కడ ఆర్కెస్ట్రా గుంట ఎంత ఇరుకంటే, కొందరు వాద్యకారులు వేదిక అంచు కిందికి దూరి కూర్చుని వాయించాలి. ఒపెరా హౌస్ అని పేరు పెట్టి ఒపెరాను చిన్నగదికి పంపిన ఈ ముందుచూపునేనా మనం నేర్చుకోవాల్సింది?

పన్నుల మాట మాత్రం దాదాపు నిజం, ఒప్పుకుంటున్నాను. కొద్దిపాటి విరాళాలు పోను, ఖర్చంతా ఒపెరా హౌస్ లాటరీ టిక్కెట్లే మోశాయి. 1975కల్లా బాకీ తీరిపోయింది. ఇంత మంచి సంగతిని సందేశం ఒక్క ముక్కలో తేల్చేసింది. దాని చీకటి కోణాన్ని అసలే చెప్పలేదు: 1960లో ఆ లాటరీ గెలిచిన కుటుంబంలోని చిన్న పిల్లవాడిని డబ్బు కోసం ఎత్తుకెళ్లి చంపేశారు. విజేతల పేర్లు గుప్తంగా ఉంచే వీలు వచ్చింది ఆ తర్వాతే.

ఇక ఆర్కిటెక్టు సన్మానం. 1965లో ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి డేవిస్ హ్యూజ్ బిల్లులు ఆపేశారు. 1966 ఫిబ్రవరిలో ఉట్జన్ తప్పుకుని, కుటుంబంతో దేశం విడిచి వెళ్లారు. ఆయనను తిరిగి తీసుకోవాలని సిడ్నీలో జనం ఊరేగింపు తీసినా లాభం లేకపోయింది. లోపలి పనులు పీటర్ హాల్ తదితరులు ముగించారు. 2003లో ఉట్జన్‌కు ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, మరుసటేడు అక్కడ ఒక గదికి ఆయన పేరూ పెట్టారు. ఆయన మాత్రం పూర్తయిన కట్టడాన్ని కళ్లతో చూడకుండానే 2008లో కన్నుమూశారు. 1973 అక్టోబరు 20న రాణి పక్కన నిలబడి సన్మానం చేయించుకున్న పెద్దమనిషి ఎవరో, సందేశం పంపినవారే కనుక్కుని చెప్పాలి.