పిల్లవాడు సంతృప్తిగా ఉన్నాడు

ఒడిశా సరిహద్దులో, పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా, మన తెలుగిళ్ళలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలంత సంతృప్తిపరులు భూమ్మీద ఇంకెక్కడా లేరు. నమ్మకపోతే ఆ పిల్లల పేరిట నింపిన ఫారాలు తిరగేయండి. చివరి పేజీ అడుగున 'పిల్లవాడి అభిప్రాయం' అని ఓ గడి ఉంటుంది. అందులో నీలి సిరాతో ఒకటే వాక్యం: 'పిల్లవాడు సంతృప్తిగా ఉన్నాడు.' ఆడపిల్లయినా సరే, పిల్లవాడే సంతృప్తిగా ఉంటాడు. నెల్లాళ్ళుగా బడి మొహం చూడని పిల్ల కూడా సంతృప్తే. చేతిరాత కూడా ఒక్కరిదే కాబట్టి ఆ అభిప్రాయంలో ఐకమత్యం కూడా కనిపిస్తుంది.

ఈ గడి ఊరికే పుట్టలేదు. పిల్లల మాట వినాలన్న ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా పుట్టిందీ ఆ ఏడాదే. జిల్లాకు కలెక్టరాఫీసు వచ్చింది, హక్కుకు గడి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నాలుగో సెక్షనైతే ఇంకాస్త ముందుకెళ్ళింది: తమకు సంబంధించిన అన్ని సంగతుల్లోనూ ఆ పిల్లలు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పుకోవచ్చు, అందుకు వయసునీ వైకల్యాన్నీ బట్టి తగిన సాయం కూడా అందించాలి. సాయం అందుతూనే ఉంది. పిల్ల తరఫున పెద్దలే చెప్పేస్తున్నారు.

ఆ సాయం కళ్ళారా చూడాలంటే డిసెంబరు 3న, వికలాంగుల దినం నాడు, ఏ షామియానా కిందికైనా వెళ్ళాలి. వేదిక మీద అతిథిగారు, పక్కన హెడ్మాస్టారు, మధ్యలో ఎనిమిదేళ్ళ కుర్రాడు. మైకు కీచుమంటుంది. కుర్రాడు చెవులు మూసుకుంటాడు. ఇదొక అభిప్రాయమని అక్కడెవరికీ తోచదు. "స్కూల్ భొలొ లాగుచి?" అని అతిథిగారు ఒడియాలో అడుగుతారు. ఒక్క క్షణం ఆగుతారు. "సిగ్గండీ వీడికి" అంటారు మాస్టారు. ఇంట్లో తెలుగు కదాని ఆయనే వంగి, "బడి నచ్చిందా, నచ్చలేదా?" అని అడుగుతారు. "నచ్చలేదా" అంటాడు కుర్రాడు, మైకులోనే. సభ గతుక్కుమంటుంది. మాస్టారు తడుముకోకుండా ప్రశ్న తిరగేస్తారు: "నచ్చలేదా, నచ్చిందా?" "నచ్చిందా." చప్పట్లు, ఫొటో, శాలువా.

విన్న మాటను అలాగే తిప్పి చెప్పడాన్ని ఎకోలాలియా అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది చాలామందికి ఉంటుంది. మాస్టారు తెలియకుండానే సరైన పరీక్ష చేశారు, కాకపోతే నచ్చిన జవాబు రాగానే ఆపేశారు. ప్రశ్నను అటూ ఇటూ తిప్పి అడిగినప్పుడు జవాబు కూడా తిరగబడితే, ఆ రెండూ జవాబులు కావు. మాట్లాడలేని పిల్లలు చూపించి జవాబు చెప్పే బొమ్మల కార్డులకూ ఇదే లెక్క. ఎప్పుడూ కుడిచేతి వైపు కార్డే తీసే పిల్లలుంటారు. కార్డుల చోటు మార్చి మళ్ళీ చూపించాలి.

సరిగ్గా అడగడమేమీ బ్రహ్మవిద్య కాదు. ఓ గట్టి అట్ట తీసుకుని పైన మూడు మొహాలు గీయాలి: ఇష్టం, పరవాలేదు, ఇష్టం లేదు. ముందు జవాబు తెలిసిన వాటితో మొదలుపెట్టాలి. బెల్లం ముక్క, కాకరకాయ కార్డులైతే మేలు. అవి సరైన మొహం కింద పడితేనే పిల్లకు ఆట అర్థమైనట్టు. తర్వాత బడిలో పెట్టే డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), ఆటస్థలం, మరుగుదొడ్డి, పక్క బెంచీ, ఒక్కోసారి ఒక్కటే కార్డు. బొమ్మ అర్థం కాని పిల్లకు ఫొటో, అదీ కాకపోతే అసలు వస్తువే చేతికివ్వాలి. లామినేషన్ మెరిసేదైతే వెలుతురు పడి ఏమీ కనబడదు, మెరవనిది వేయించాలి. అడిగాక నోరు మూసుకుని మనసులో పది అంకెలు లెక్కపెట్టాలి. పిల్ల ఇంకా ఆలోచిస్తుండగా ప్రశ్న మళ్ళీ అడిగితే, ఆలోచన మళ్ళీ మొదటికొస్తుంది. మనవాళ్ళలో ఎంతోమంది ఆగిపోయేది ఈ పది అంకెల దగ్గరే. చివర్లో అట్ట మొత్తం చూపించి మార్చుకుంటావా అని అడగాలి. ఇంకోరోజు కూడా అడగాలి. టీచరు గురించి టీచరే అడిగితే వచ్చేది భయం, దాన్ని అభిప్రాయమని రాసుకోకూడదు.

ఇక పట్నం నుంచి దిగే కార్డుల పెట్టె ఒకటుంది. స్ట్రాబెర్రీ ఉంటుంది, చద్దన్నం ఉండదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కార్డు కింద ఇంగ్లీషు. మాట్లాడటమే కష్టమైన పిల్లకు ముచ్చటగా మూడు భాషలు, పాతబడ్డ చొక్కాకు మూడు జేబుల్లా. ఆ పెట్టె కూడా బీరువాలో, తాళం లోపల. పాడైపోతాయని.

ఇంతకీ ఆ పెట్టెలో అన్నిటికంటే ముందు మాయమయ్యే కార్డేదో తెలుసా? 'వద్దు.' పిల్ల దాన్ని మరీ ఎక్కువ వాడుతోందట! గదిలోకి రావడం వద్దు, ఆ డాల్మా వద్దు, ఆ చెయ్యి వద్దు. క్రమశిక్షణ చెడుతోందని కార్డు తీసేస్తారు. కార్డు పోయాక పిల్ల కంచం విసిరితే 'ప్రవర్తన సమస్య' అని రాసుకుంటారు. కొరికితే చేతులు పట్టుకుంటారు. సిగ్గుండాలి. ఆ పిల్ల దగ్గరున్నదే ఆ ఒక్క మాట, దాన్నీ లాక్కున్నారు. ఎవరైనా తాకరానిచోట తాకితే ఆ పిల్ల ఏం చూపించాలి? స్ట్రాబెర్రీనా? పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం అలాంటి పిల్ల వాంగ్మూలం కోసం ప్రత్యేక విద్యా నిపుణుల సాయం తీసుకోవచ్చు. అంటే అంతా అయిపోయాక, కోర్టులో, ఎవరో ఒకరు ఆ పిల్ల ముందు కార్డులు పరుస్తారు. అంతకుముందు బడిలో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిన మహానుభావులను మాత్రం ఎవరూ బోనెక్కించరు.

వద్దు, ఆపు, నొప్పి, ఇంటికెళ్తా. ఈ నాలుగూ ఇంటి భాషలో రాసి, గట్టి అట్టకు అంటించి, చిల్లు పొడిచి, బ్యాగుకో నడుముకో కట్టండి. మెడకొద్దు, తాడు బిగుసుకుంటుంది. పిల్ల రోజుకు నలభైసార్లు వద్దన్నా ఆ కార్డు అక్కడే ఉండాలి.