సీమ ఇళ్లలో బిట్‌కాయిన్ మైనింగ్: ఆ సందేశం వదిలేసిన లెక్కలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది. సెకండ్‌హ్యాండ్‌లో బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలను లెక్కలు చేసి సంపాదించే ఒక మైనింగ్ యంత్రమో, ఆరు గ్రాఫిక్స్ కార్డులు బిగించిన రిగ్గో కొని ఇంట్లో పెట్టుకుంటే అది రాత్రింబవళ్లు డబ్బు సంపాదించి పెడుతుందట. మన ప్రాంతంలో ఎండకు కొదవ లేదు కాబట్టి మేడ మీద సోలార్ పలకలు పెట్టుకుంటే కరెంటు ఖర్చు లేనట్టేనట. బిట్‌కాయిన్ ధర పెరిగేకొద్దీ రాబడి పెరుగుతుందని, పెట్టుబడి ఏడాది తిరిగేలోపు చేతికొస్తుందని, ఏదీ కలిసిరాకపోయినా యంత్రాన్ని అమ్ముకుంటే అసలు ఎక్కడికీ పోదని కూడా అందులో ఉంది. యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోలేనివారు డబ్బు కడితే తామే వేరే చోట నడిపిస్తామని చివర ఒక వాక్యం ఉంటుంది.

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నందువల్ల ఈ సందేశం పట్టుకొని సలహా అడగడానికి వచ్చేవారిని తరచుగా చూస్తున్నాను. వారిలో డిగ్రీ చదివే పిల్లలున్నారు, వేరుశనగ చేతికి రాక మరో ఆదాయం కోసం వెతుకుతున్న రైతులున్నారు. ఎక్కువమంది పెట్టబోయేది వడ్డీకి తెచ్చిన డబ్బే. అందుకే ఇందులోని మాటలను ఒక్కొక్కటిగా తీసుకొని, ఎవరైనా కాగితం మీద మళ్లీ వేసి సరిచూసుకోగల లెక్కలతో జవాబు చెప్పడం అవసరమనిపించింది.

ముందుగా యంత్రం సంపాదిస్తుందన్న మాటను చూద్దాం. బిట్‌కాయిన్ వ్యవస్థలో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు, అంటే లావాదేవీలను నమోదు చేసే ఒక కట్ట, తయారవుతుంది; రోజుకు 144 బ్లాకులు. దాన్ని తయారుచేసే పోటీలో గెలిచిన యంత్రానికి కొత్త నాణేలు బహుమతిగా వస్తాయి. 2024 ఏప్రిల్‌లో జరిగిన హావింగ్ (ఆ బహుమతి సగానికి తగ్గడం) తరువాత ఒక్కో బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు మాత్రమే కొత్తగా పుడుతున్నాయి కాబట్టి ప్రపంచం మొత్తానికి రోజుకు దొరికేవి 450. యంత్రాలు ఎన్ని ఉన్నా ఈ 450నే తమ లెక్కింపు శక్తిని బట్టి పంచుకోవాలి. లావాదేవీల రుసుములు కొంత తోడవుతాయి గానీ అవి లెక్కను మార్చేంత ఉండవు. 2025లో ప్రపంచంలోని మైనింగ్ యంత్రాల ఉమ్మడి శక్తి ఒక జెట్టాహ్యాష్‌ను, అంటే వంద కోట్ల టెరాహ్యాష్‌లను దాటింది (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేస్తే ఒక టెరాహ్యాష్). ఇటీవలి మేలైన యంత్రాల్లో ఒకటైన యాంట్‌మైనర్ ఎస్21 శక్తి 200 టెరాహ్యాష్‌లు. దాని వాటా రోజుకు 0.00009 బిట్‌కాయిన్. ఒక బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలు అనుకున్నా, ఆ యంత్రం రోజంతా ఆగకుండా నడిస్తే వచ్చేది 900 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు. ఆ యంత్రం 3,500 వాట్లు లాగుతుంది. ఐదు హార్స్‌పవర్ బోరు మోటారును ఇంటి గదిలో పెట్టి, ఇరవై నాలుగు గంటలూ ఆపకుండా తిప్పితే మీటరు ఎలా తిరుగుతుందో ఇదీ దాదాపు అలాగే తిప్పుతుంది. రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520. మన రాష్ట్రంలో 2022లో సవరించిన గృహ విద్యుత్ శ్లాబుల్లో నెలకు 400 యూనిట్లు దాటిన ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 75 పైసలు. సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరు. ఇంటి వాడకంతోనే కింది శ్లాబులు చాలావరకు నిండిపోతాయి కనుక యంత్రం తాగే కరెంటు దాదాపుగా అంతా ఈ పై శ్లాబులోనే పడుతుంది. 84 యూనిట్లకు రోజుకు 819 రూపాయలు. కోటి రూపాయల ధర దగ్గర మిగిలేది రోజుకు 81 రూపాయలు. ధర ఎనభై లక్షలకు దిగితే రాబడి 720 రూపాయలే అవుతుంది, అంటే రోజుకు వంద రూపాయలు ఎదురు పెట్టుకోవాలి.

ఆ 81 రూపాయలు కూడా నిలవవు, ఎందుకంటే పన్ను సంగతిని ఆ సందేశం ఎత్తనే లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి బిట్‌కాయిన్ వంటి క్రిప్టో ఆస్తుల మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం పడుతోంది. మామూలు వ్యాపారంలో ఖర్చులు తీసేసి మిగిలిన లాభం మీద పన్ను కడతాం. ఇక్కడ కొనుగోలు ధర తప్ప మరే ఖర్చూ తీసివేయడానికి వీల్లేదు. మైనింగ్ కోసం పెట్టిన మౌలిక వసతుల ఖర్చును కొనుగోలు ధరగా పరిగణించబోమని 2022 మార్చిలో ప్రభుత్వం లోక్‌సభలో స్పష్టం చేసింది కూడా. ఆ లెక్కన 900 రూపాయల మీద 281 రూపాయలు పన్నుకే పోతాయి. మిగిలిన 619 రూపాయలతో 819 రూపాయల కరెంటు బిల్లు కట్టాలి. యంత్రం ధరను, వడ్డీని అసలు లెక్కలోకి తీసుకోకముందే రోజుకు రెండు వందల నష్టం. నా దృష్టిలో మొత్తం వాదన ఇక్కడే కూలిపోతుంది. మైనింగ్‌లో అడగవలసిన ప్రశ్న యంత్రం ఎంతకు దొరికిందని కాదు, ఒక్క యూనిట్ కరెంటుకు అది ఎంత తెచ్చిపెడుతుందని. కోటి రూపాయల ధర దగ్గర ఎస్21 యూనిట్‌కు 10 రూపాయల 71 పైసలు తెస్తుంది, పన్ను పోగా 7 రూపాయల 37 పైసలు. యూనిట్‌కు అంతకన్నా ఎక్కువ కట్టే ఇంట్లో ఆ ధర దగ్గర అది లాభం చూపదు.

చవకగా దొరికే పాత యంత్రాల విషయం మరీ అన్యాయం. ఎక్కువగా అమ్మకానికి తిరిగేది 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9. దాని శక్తి సుమారు 13.5 టెరాహ్యాష్‌లు, వాడకం సుమారు 1,350 వాట్లు. పైన చెప్పిన పద్ధతిలోనే లెక్క వేస్తే రోజుకు వచ్చేది దాదాపు 61 రూపాయలు, కరెంటుకు అయ్యేది 316 రూపాయలు. ఎవరైనా ఉచితంగా తెచ్చిచ్చినా దాన్ని ప్లగ్గులో పెట్టిన రోజు నుంచే నష్టం మొదలవుతుంది. పెద్ద పెద్ద మైనింగ్ కేంద్రాలు దాన్ని ఎందుకు వదిలించుకున్నాయో కొనేవారు ఒక్కసారి ఆలోచించాలి.

సోలార్ ఉంది కదా అన్నది తరువాతి మాట. మన వైపు సౌర విద్యుత్తు విస్తారంగా ఉందన్నది నిజమే. గని, శకునాల గ్రామాల పరిసరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు ఉంది, నంబులపూలకుంటలో మరొకటి ఉంది, కడప జిల్లా మైలవరం వైపు సౌర ప్రాజెక్టుకు 2017 వేలంలో యూనిట్‌కు 3 రూపాయల 15 పైసల ధర పలికింది. ఆ ధరకు కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఇంటికి వస్తే మైనింగ్ గిట్టుబాటవుతుందని నేనే ఒప్పుకుంటాను. జలవిద్యుత్తు మిగులున్న భూటాన్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థే మైనింగ్ చేస్తున్నది ఆ కారణంగానే. కానీ పార్కులో పుట్టిన కరెంటు గ్రిడ్డుకు పోతుంది, మనకు అందేది శ్లాబుల ధరకే.

ఇక సొంత మేడ మీది సోలార్. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి కాబట్టి మూడు కిలోవాట్లకు పన్నెండు. యంత్రానికి కావలసినవి 84. పూర్తిగా సోలార్‌తోనే నడపాలంటే ఇరవై కిలోవాట్లకు పైబడిన పలకలు కావాలి, అంత చోటు ఎన్ని మేడల మీద ఉంటుంది? పోనీ, దొరికిన పన్నెండు యూనిట్లతోనే నడుపుతామంటే యంత్రం రోజుకు మూడున్నర గంటలు కూడా నడవదు. ఆ కరెంటు పూర్తిగా ఉచితమే అనుకున్నా పన్ను పోగా రోజుకు దాదాపు 88 రూపాయలు వస్తాయి. రమారమి మూడు లక్షలు పెట్టిన యంత్రం అసలు రాబట్టడానికి ఈ లెక్కన తొమ్మిదేళ్లు దాటుతుంది, ఈలోగా 2028లో బ్లాకు బహుమతి మళ్లీ సగానికి పడిపోతుంది. పైగా ఆ కరెంటు నిజానికి ఉచితం కాదు. అవే పన్నెండు యూనిట్లు నెట్ మీటరింగ్‌లో, అంటే మేడ మీది కరెంటును గ్రిడ్డుకు ఇచ్చి బిల్లులో సర్దుకునే పద్ధతిలో, ఇంటి బిల్లును తగ్గించగలవు. నెలకు 226 నుంచి 400 యూనిట్లు వాడే ఇంట్లో ఒక్కో యూనిట్ 8 రూపాయల 75 పైసలు ఆదా చేస్తుంది, మైనింగ్‌లో పెడితే అదే యూనిట్ 7 రూపాయల 37 పైసలే ఇస్తుంది. సోలార్ పెట్టుకున్నవారు దాన్ని ఫ్యాన్లకు, ఫ్రిజ్జుకు వాడుకోవడమే లాభం.

వేడి గురించి ఆ సందేశంలో ఒక్క మాట కూడా లేదు. మన ఊళ్లలో అన్నిటికన్నా ముందు అడగవలసింది అదే. మైనింగ్ యంత్రం లాగిన కరెంటు మొత్తం చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 3,500 వాట్ల వేడిని గదిలోంచి తోడేయడానికి సరిగ్గా ఒక టన్ను ఏసీ కావాలి, ఆ ఏసీ గంటకు ఇంచుమించు ఒక యూనిట్ తీసుకుంటుంది. అంటే రోజుకు మరో రెండు వందల రూపాయలకు పైనే. ఏసీ లేకుండా బయటి గాలితో చల్లబరచవచ్చు గానీ, ఇలాంటి యంత్రాలకు తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 40 నుంచి 45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో మధ్యాహ్నపు గాలి తరచుగా 40 దాటుతుంది, ఎండకు కాలిన రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. హద్దు దాటగానే యంత్రం వేగం తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. దాని ఫ్యాన్ల మోత 75 డెసిబెల్స్ ఉంటుంది, పక్కింటివారు ఊరుకోరు.

యంత్రాన్ని అమ్మితే అసలు వస్తుందన్న మాటకు జవాబు నా పనిబల్ల మీదే ఉంది. బిట్‌కాయిన్ మైనింగ్‌కు గ్రాఫిక్స్ కార్డులు 2013లో యాసిక్ యంత్రాలు (మైనింగ్ ఒక్కటే చేసేలా తయారైనవి) వచ్చినప్పుడే పనికిరాకుండా పోయాయి. వాటిని ఆ తరువాత నిలబెట్టింది ఈథీరియం అనే మరో క్రిప్టో వ్యవస్థ. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేయడంతో ప్రపంచమంతటా కార్డులు ఒక్కసారిగా అమ్మకానికి వచ్చిపడ్డాయి. అలా రిగ్గుల్లో నడిచిన కార్డులు బాగుచేయడానికి నా దగ్గరికి వస్తుంటాయి. పైతొడుగు విప్పితే మెమరీ చిప్పుల మీద వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు గట్టిపడి, వాటిలోంచి నూనె కారి బోర్డు జిడ్డుగా కనిపిస్తుంది. మధ్య చిప్పు మీది పేస్టు ఎండి పెచ్చులుగా రాలుతుంది. రెక్కల సందుల్లో మన ఎర్రమట్టి దుమ్ము ఆ నూనెతో కలిసి అట్టకట్టి ఉంటుంది, ఫ్యాన్ బేరింగులు చేత్తో తిప్పితేనే గరగరలాడతాయి. ఇలాంటి కార్డులను ఆటలు ఆడే పిల్లలు చవకగా వస్తే కొనుక్కుంటారు గానీ, కొన్న ధర ఎవరూ పెట్టరు. యాసిక్ యంత్రానికి ఆ కాస్త గిరాకీ కూడా ఉండదు, ఎందుకంటే అది మైనింగ్ తప్ప మరే పనీ చేయలేదు. మైనింగ్ గిట్టనప్పుడు దాన్ని కొనేవారూ ఉండరు.

బిట్‌కాయిన్ ధర పెరిగితే రాబడీ పెరుగుతుందన్నది అందరినీ నమ్మించే మాట. ధర పెరగగానే ప్రపంచంలో కొత్త యంత్రాలు కూడా చేరతాయి. ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకోసారి, వ్యవస్థ తన లెక్క కష్టాన్ని తానే సవరించుకొని, బ్లాకుల వేగాన్ని మళ్లీ పది నిమిషాలకు తెస్తుంది. యంత్రాలు పెరిగినా పంచుకునే 450 పెరగవు. 2016 జూలై హావింగ్ నాటికి ప్రపంచ శక్తి రెండు ఎక్సాహ్యాష్‌ల, అంటే ఇరవై లక్షల టెరాహ్యాష్‌ల, లోపే ఉండేది; అప్పట్లో ఎస్9కు రోజుకు వచ్చిన బిట్‌కాయిన్లతో పోలిస్తే ఇప్పుడు అదే యంత్రానికి వచ్చేది రెండు వేల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. ధర పెరుగుతుందని గట్టి నమ్మకం ఉన్నవారికి సైతం యంత్రం సరైన దారి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

చేతిలో ఇమిడే చిన్న పరికరంతో ఒక్కరే ఒక బ్లాకు బహుమతి మొత్తం గెలుచుకోవచ్చన్నది కొందరు చెప్పే మరో మాట. 1.2 టెరాహ్యాష్‌ల పరికరానికి నేటి పోటీలో ఒక బ్లాకు దొరకడానికి సగటున పట్టే కాలం సుమారు పదహారు వేల సంవత్సరాలు. ఎస్21కే తొంభై ఐదేళ్లు పడుతుంది.

పొలంలోని ఉచిత విద్యుత్ కనెక్షన్‌కు యంత్రం తగిలించుకోవచ్చని కొందరు ఈ సందేశానికి జతచేస్తున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. మంజూరైన అవసరానికి కాక వేరే పనికి కరెంటు వాడడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం, దానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేస్తారు. రైతు బోరు కనెక్షన్ చిక్కులో పడితే పోయేది పైరు.

చివరిది, యంత్రాన్ని మేమే నడిపిస్తాం, మీరు డబ్బు కట్టండి అన్న ఆహ్వానం. దేశంలో ఈ పేరుతో జరిగిన మోసాలు ప్రభుత్వ సంస్థల రికార్డుల్లోనే ఉన్నాయి. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం క్లౌడ్ మైనింగ్ (డబ్బు కడితే వేరే చోట యంత్రాలు నడిపించడం) పేరు చెప్పి నెలకు 10 శాతం చొప్పున పద్దెనిమిది నెలలు ఇస్తామంది. ఆ కేసులు సీబీఐ దాకా వెళ్లాయి. హెచ్‌పీజడ్ టోకెన్ యాప్ మైనింగ్ యంత్రాల పేరుతో 57,000 రూపాయలు కడితే రోజుకు 4,000 చొప్పున మూడు నెలలు ఇస్తామని ఆశ చూపిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ తెలిపింది. మూడు లక్షల యంత్రం కోటి రూపాయల ధర దగ్గర ఖర్చులు తీయకముందే రోజుకు 900 తెస్తుంటే, 57,000కు రోజుకు 4,000 ఏ యంత్రం తెస్తుంది? మీ దగ్గరికి ఇలాంటి ప్రతిపాదనతో ఎవరు వచ్చినా, తెలిసినవారైనా సరే, యంత్రం మోడల్, సీరియల్ నంబరు, అది పనిచేస్తున్న పూల్‌లో (యంత్రాలు కలిసి మైనింగ్ చేసే గుంపులో) దాని రోజువారీ హ్యాష్‌రేటు, అంటే లెక్కింపు వేగం, చూపించమని అడగండి. ఇవి చూపించలేనివారి దగ్గర మీ పేరున ఒక యంత్రం నడుస్తోందనడానికి ఏ ఆధారమూ లేదు.