అడవి చుట్టూ పెసరట్టు

మడమలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఆ నొప్పి తగ్గితే కోపం కూడా తగ్గుతుందేమోనని ఇప్పుడే రాసేస్తున్నా.

మా బాబాయి అమలాపురం నుంచి వచ్చాడు. హైదరాబాద్ నడిబొడ్డున నేషనల్ పార్కు ఉందని ఎవరో చెప్పారట, ఆదివారం పొద్దున్నే చూపించమన్నాడు. తీసుకెళ్ళాను. కేబీఆర్ పార్కు. దాదాపు 390 ఎకరాలు, 1998లో నేషనల్ పార్కు హోదా, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు. కారులో ఇవన్నీ చెబుతుంటే ఆయన అడిగింది ఒక్కటే.

"పులులుంటాయా?"

"లేవు బాబాయ్. నెమళ్ళుంటాయి."

"నెమళ్ళకి నేషనల్ పార్కేంట్రా?"

"1963 నుంచి అది జాతీయ పక్షి. జాతీయ పార్కు ఇవ్వకపోతే ఏం బావుంటుంది?"

లోపల తిరిగాం. బండరాళ్ళు, చెట్లు, నెమళ్ళు. ఆ భాగం అయిపోయింది.

బయటికి వస్తూ గేటు దగ్గర బాబాయి చాలా మామూలుగా, "మాత్ర వేసేసుకున్నాన్రా" అన్నాడు. షుగరు మాత్ర. అది వేసుకున్నాక అరగంటలో కడుపులో ఏదో ఒకటి పడాలి. టిఫిన్ దొరికాక వేసుకోవచ్చు కదా అంటే, "ఇంత పెద్ద ఊళ్ళో టిఫిన్ దొరకదని నేనేమన్నా కలగన్నానా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

తెలంగాణలో ఉన్న మూడు నేషనల్ పార్కులూ హైదరాబాదులోనో, ఊరి పొలిమేరలోనో ఉన్నాయి. వనస్థలిపురం దగ్గర కృష్ణజింకలుండే మహావీర్ హరిణ వనస్థలి విజయవాడ హైవేని ఆనుకునే ఉంటుంది కాబట్టి, ఆకలేస్తే హైవే పట్టుకుని పోతే ఏదో ఒక హోటల్ తగులుతుంది. మృగవని చిలుకూరు దగ్గర, అక్కడ బాలాజీ గుడి ఉంది. గుడి ఉన్నచోట తినుబండారాల బండ్లకి లోటుండదు. మూడింటిలోకీ ఖరీదైన ఇళ్ళ మధ్య ఉన్నది, చుట్టూ రాత్రి తిళ్ళకి పేరుపడ్డ రోడ్లున్నది ఈ కేబీఆరే. పొద్దున ఏడున్నరకి ఒక పెసరట్టు పుట్టనిదీ ఇక్కడే.

బండ్లు లేవని కాదు. వరసగా ఉన్నాయి. కాకరకాయ రసం, సొరకాయ రసం, బూడిదగుమ్మడి రసం, గోధుమగడ్డి రసం, రాగిజావ, మొలకలు. ఇక్కడికి ఆకలి తీర్చుకోవడానికి ఎవరూ రారు. తిన్నది అరిగించుకోవడానికి వస్తారు, ఇంకా తినకుండా ఉండటానికి ఏదైనా తాగి వెళ్తారు. బాబాయి మొలకెత్తిన పెసల గిన్నెలోకి వంగి చూశాడు. "నానబెట్టారు, బాగానే ఉంది. రుబ్బడం మర్చిపోయారేంట్రా?" అన్నాడు. అక్కడితో ఆయన మనసు పెసరట్టు మీదికి మళ్ళింది. ఉప్మా పెట్టిన పెసరట్టు, అల్లం పచ్చడి. గోదావరి మనిషికి ఒకసారి ఆ ఆలోచన వచ్చిందంటే ఇక రాగిజావ దాన్ని ఆపలేదు.

రోడ్డవతల ఒక కేఫు తెరిచే ఉంది. అవకాడో టోస్టు ఫొటో చూసి, "రొట్టె మీద గోరింటాకు పెట్టారు" అని వెనక్కి తిరిగాడు.

ముందు ఆయన్ని ఒక బండి దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, బతిమాలి ఒక గ్లాసు రాగిజావ పట్టించాను. తర్వాత ఫోన్ తీసి, తిండి తెచ్చిచ్చే యాప్ తెరిచాను.

ఆ యాప్ పేరు చెప్పను. ఎవరి ఫోన్లో ఉన్నా అందరినీ ఒకలాగే ఏడిపిస్తుంది. నేనెక్కడున్నానన్న విషయంలో దానికీ నాకూ మొదట్నుంచీ పేచీయే. గేటు ముందున్నానని నేను. కాదు, చిరాన్ ప్యాలెస్‌లో ఉన్నావని అది. చిరాన్ ప్యాలెస్ అంటే పార్కు లోపల, చెట్ల మధ్య, ఒకప్పుడు నిజాం మనవడు ముకర్రం జా ఉన్న భవనం. పిన్నుని వేలితో లాక్కొచ్చి గేటు ముందు పెడితే బుద్ధిగా నిలబడుతుంది. కన్ఫర్మ్ నొక్కగానే మళ్ళీ ప్యాలెస్‌లోకి పోతుంది. మూడో ప్రయత్నానికి నేనే రాజీపడి, కింద చిన్న పెట్టెలో "పార్కు గేటు దగ్గర" అని రాశాను.

కాసేపటికి ఫోన్ మోగింది.

"అన్నా, గేట్ కాడ్నే ఉన్న. ఏడున్నరు?"

"నేనూ గేటు దగ్గరే ఉన్నా తమ్ముడూ. నువ్వు ఏ గేటు దగ్గర?"

"పార్క్ గేటే అన్నా."

"ఈ పార్కుకి చాలా గేట్లున్నాయి."

"నా ముంగట ఒక్కటే ఉన్నదన్నా."

ఇంత సూటిగా మాట్లాడేవాడితో వాదించలేం. చుట్టుపక్కల ఏముందని అడిగితే చెక్‌పోస్ట్ వైపు గుర్తులు చెప్పాడు. నేనున్నది క్యాన్సర్ ఆసుపత్రి వైపు. అక్కడే ఉండు, నేనే వస్తానని బయటి నడకదారి పట్టాను. దూరం పెద్దగా ఉండదనుకున్నా. ఆ దారి పార్కు చుట్టూ ఎన్ని వంపులు తిరుగుతుందో నడిచేవాళ్ళకి తెలుస్తుంది, నాకు తెలియదు. సగం దూరం పోయాక మళ్ళీ ఫోను. "అన్నా, మీరు చెప్పిన హాస్పిటల్ కాడికి వచ్చిన. ఏడున్నరు?"

అంటే నాకు శ్రమ ఇవ్వకూడదని పాపం అతనే బయల్దేరాడు. మళ్ళీ ఆగమన్నాను, వెనక్కి తిరిగాను. అతనూ తిరిగాడు. చిలుకూరులో వీసా రావాలని మొక్కుకునేవాళ్ళు 11 ప్రదక్షిణలు చేస్తారు, వచ్చాక 108. నా కోరిక పెసరట్టు. అది కూడా నాతోపాటే ప్రదక్షిణ చేస్తోంది, ఎదురు దిశలో.

ఈలోగా తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నా పక్కకి వచ్చాడు. నా వేగం ఆయనకి నచ్చినట్టుంది. "మడమ ముందు ఆనించాలి బాబూ. చేతులు ఇంకా ఊపండి. ఫోన్ జేబులో పెట్టేయండి, నడకలో ఫోన్ విషం" అన్నాడు. ఫోన్ పెట్టేస్తే పెసరట్టు పోతుందని ఆ వేగంలో వివరించలేక చేతులు ఊపాను. ఆయన సంతోషపడి వెళ్ళిపోయాడు. మడమల సంగతి మొదట్లోనే చెప్పాను.

ఇక ఆ ఘట్టం.

ఒక మలుపులో అతను కనిపించాడు. కంచెకి ఇవతల నేను. అవతల ఫుట్‌పాత్, తర్వాత రోడ్డు, తర్వాత డివైడర్, తర్వాత ఇంకో రోడ్డు, ఆ రోడ్డు అవతలి అంచున బండి ఆపుకుని అతను, అతని వీపు మీద ఆ పెద్ద సంచి. నేను చెయ్యెత్తాను. అతనూ ఎత్తాడు. సంచిలోంచి పొట్లం తీసి ఆనవాలుగా చూపించాడు. నా తిండిని నేను అంత దూరం నుంచి, అంత ట్రాఫిక్ మీదుగా చూడటం అదే మొదటిసారి. బ్రౌన్ కాగితం సంచి, పైన స్టేప్లరు పిన్నుతో బిల్లు. బిల్లు గాలికి ఊగుతోంది.

"రా!" అని అరిచాను.

"యూటర్న్ దూరమున్నదన్నా!" అని అతనూ అరిచాడు. ఊళ్ళో చాలా కూడళ్ళలో సిగ్నళ్ళు మూసేసి యూటర్న్‌లు పెట్టారు కదా, ఎదురుగా కనిపించే మనిషిని చేరాలంటే ముందు అతనికి దూరంగా పోవాలి. ఈ ఉపాయం ఎవరికి తట్టిందోగానీ ఆయనకి టిఫిన్ ఇంట్లోనే చేసిపెట్టేవాళ్ళుండి ఉంటారు.

అప్పుడు అతను ఫోన్ చేశాడు. "అన్నా, టైమ్ అయిపోతున్నది. ఓటీపీ చెప్పుండ్రి, లేటైతే నాకు కట్ అయితది. నేను తిరిగొచ్చి ఇస్త, ఒట్టు." చెప్పబోయేలోగా నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయేలా ఉందన్న హెచ్చరిక, వెంటనే కాల్ కట్. ఇక నోరే దిక్కు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నారు. నేను జూబ్లీహిల్స్ మొత్తానికీ వినిపించేలా గొంతెత్తాను.

"ఏడు!"

"ఈడ్నే అన్నా! మీ ముంగటే!"

"అది కాదు! ఏడు! ఏడు!"

"ఈడ్నే, ఈడ్నే!" అని రెండు చేతులూ ఊపాడు. మధ్యలో బస్సొచ్చింది. బస్సు పోయింది. ఇలా కాదని వేళ్ళతో చెప్పడం మొదలుపెట్టాను. ఈ చేతి అయిదు, ఆ చేతి రెండు. అతను తలూపి ఫోన్లో నొక్కాడు. తర్వాతి అంకె సున్నా. సున్నాకి వేళ్ళెక్కడ తేను? రెండు చేతులూ తలపైకెత్తి, వేళ్ళు కలిపి, పెద్ద గుండ్రం చేసి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఇంకో బస్సు. అది పోయేదాకా చేతులు దించకూడదు, దించితే అతను చూడలేడు. అలాగే ఉన్నాను.

వెనక నుంచి ఒకావిడ గొంతు. "ఇది భుజాలకా అండీ, నడుముకా?"

తిరిగి చూస్తే ఇద్దరు ఆగి ఉన్నారు, ట్రాక్ ప్యాంట్లు, చేతిలో నీళ్ళ సీసాలు. ఒకావిడ అప్పటికే సీసా కింద పెట్టి చేతులు పైకెత్తేసింది. "ఎంతసేపు పట్టుకోవాలి?" అని అడిగింది.

"బస్సు పోయేదాకా" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

బస్సు పోయింది. ముగ్గురం సున్నాలుగా నిలబడి ఉండటం చూసి అతను మూడు సున్నాలు నొక్కాడు. అది ఒప్పుకోలేదు. మళ్ళీ మొదట్నుంచీ ఏడు, సున్నా, నాలుగు, ఒకటి. ఈసారి వాళ్ళిద్దరూ కూడా వేళ్ళు మారుస్తూ నాతోపాటే చేశారు. అతను బొటనవేలెత్తి చూపించి, పొట్లం సంచిలో పెట్టుకుని, యూటర్న్ వైపు వెళ్ళిపోయాడు.

నా ఫోన్ మీద రంగుకాగితాలు రాలాయి. "మీ ఆర్డర్ అందింది! ఆస్వాదించండి!" కింద అయిదు ఖాళీ నక్షత్రాలు.

ఉన్న కాస్త ఛార్జింగ్‌తో సహాయం మీట నొక్కాను. మీ సమస్య ఎంచుకోండి, అంది. ఆర్డర్ ఆలస్యం, ఐటమ్ తక్కువ, రుచి బాలేదు, ప్యాకింగ్ బాలేదు. అన్నీ తిండి చేతికొచ్చినవాళ్ళ కష్టాలే. ఆర్డర్ ఆలస్యం అని నొక్కితే, "శుభవార్త! మీ ఆర్డర్ ఇప్పటికే అందింది" అని నాకే తిరిగి చెప్పింది.

అతను వచ్చాడు. ఎంతసేపటికన్నది వదిలేద్దాం. మనిషి మాత్రం మాట మీద నిలబడ్డాడు. అతని మీద నాకు వీసమెత్తు కోపం లేదు. కంచె సందులోంచి పొట్లం అడ్డంగా దూరలేదు. నిలువుగా తిప్పి ఇచ్చాడు. లోపల ఏదో మెల్లగా ఒక మూలకి జారిన చప్పుడు ఇద్దరం విన్నాం, ఇద్దరం ఏమీ అనలేదు.

బండి దగ్గరికి చేరేసరికి బాబాయి రెండో గ్లాసు రాగిజావలో ఉన్నాడు. బండాయనకి కోనసీమ కొబ్బరికాయల ధరలు చెబుతున్నాడు, బండాయన మొలకల మీద నిమ్మకాయ పిండి ఆయన ముందు పెడుతున్నాడు. నన్ను చూసి, "ఏంట్రా, చెమటలు పట్టాయి? నడిచొచ్చావా? మంచిది" అన్నాడు.

డబ్బా మూత తీశాను. పెసరట్టు ఒక పక్క, ఉప్మా ఇంకో మూల గుట్టగా. బాబాయి అట్టు అంచు తుంచి, వాసన చూసి, సంచిలోకి తొంగి చూశాడు. సంచిలో రెండు టమాటా కెచప్ పొట్లాలున్నాయి.

"అల్లం పచ్చడి ఏదిరా?"

సహాయంలో ఐటమ్ తక్కువ అని ఉంది కదా, ఇది దానికి సరిగ్గా సరిపోయే కేసు. వెంటనే నొక్కాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, అంది. పరిష్కారానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నారు, అంది. మీకు అందని ఐటమ్ ఫొటో జత చేయండి, అంది.