అల్లుని కట్టు

మా ఇంట్లో ఒకే వారంలో ఇద్దరు పిల్లలు పుట్టారు. అక్కకు నెలలు నిండిన కొడుకు, మూడు కేజీల పైమాటే. తమ్ముడికి 32 వారాలకే తొందరపడి వచ్చేసిన కూతురు, 1.6 కేజీలు. తొమ్మిదో నెలలో ప్రొద్దుటూరు పుట్టింటికి పోవాలని చీరలు సర్దిపెట్టుకున్న మా మరదలు కడపలోనే కనేసింది.

ఏడో వారం వచ్చేసరికి ఇల్లు రెండు పార్టీలైంది. ఆదివారం ఆదివారం రాయచోటి నుంచి మా బావ వస్తాడు. వస్తూనే కొడుకు పొట్టకు మూతి ఆనించి లారీ హారన్ కొడతాడు. వాడు బోసినోరంతా తెరిచి నవ్వుతాడు. అదంతా తన ప్రతిభే అని బావ నమ్మకం. ఆ వయసులో ఎవరు మొహం చూపినా నవ్వుతారని చెప్పి అల్లుడి మర్యాద తీయడం ఎందుకని ఊరుకున్నాం.

అది చూసి మరదలికి టెన్షన్. గిలక, చిటికెలు, పాట అన్నీ ఒకేసారి మొదలుపెట్టేది. పాప ఎంత పలకకపోతే ఈమె అంత గొంతు పెంచేది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు తొందరగా అలిసిపోతారు, ఎక్కిళ్లు పెడతారు, ఆవలిస్తారు, మొహం తిప్పుకుంటారు, వేళ్లు విప్పి చెయ్యి చాపుతారు, అప్పుడు ఆపేయండమ్మా అని నర్సు చెప్పే పంపింది. పాప నిజంగానే అయిదు వేళ్లూ విప్పి చెయ్యి చాపింది.

"సల్లగా ఉండమని దీవిస్తాండాది సూడు!" అని మా జేజి ఆ చేతికి దండం పెట్టింది. మరదలు ఇంకో పాట ఎత్తుకుంది.

చూడవచ్చిన వాళ్లదీ ఒకటే ప్రశ్న, వాడు నవ్వుతుంటే ఈమె నవ్వదేమని. ముందు పుట్టినవాళ్ల వయసు అసలు కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేయాలని డాక్టర్ చెప్పాడు. ఆ లెక్కన 40 వారాలు నిండటానికి ఇంకా వారముంది, అంటే పాప ఇంకా పుట్టనే లేదు. "పుట్టకముందే నవ్వమంటే ఎట్ల నవ్వుతాది?" అని జేజి అందరి నోళ్లూ మూయించింది.

తమ్ముడికి మాత్రం పాటలూ హారన్లూ లేవు, కంగారూ డ్యూటీ. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటా డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి అది. బిడ్డను తల్లి రొమ్ముకో తండ్రి ఛాతీకో నేరుగా ఆనించి కట్టుకోవాలి, రోజుకు కనీసం 8 గంటలు. చొక్కా విప్పి, టోపీ మేజోళ్లు వేసిన పాపను కప్పలా ఛాతీకి ఆనించుకుని, తల ఒక పక్కకు తిప్పి, మా అమ్మ పాత తెల్ల నూలుచీరతో బిగించి కట్టుకుని పడక కుర్చీలో వాలేవాడు. పది నిమిషాలు ఒకచోట కూర్చోని మనిషి, కడప ఎండల్లో చెమటలు కారుతున్నా కదిలేవాడు కాదు. ముక్కు దురద పెడితే నన్ను పిలిచేవాడు.

ఒకరోజు అట్లా ఉండగా, చెప్పకుండా వాళ్ల మామ దిగాడు. వాకిట్లోకి అల్లుడి వీపు, వీపు మీద తెల్లకట్టు, భుజం దగ్గర ముడి మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏమైంది నాయనా! బండి మీంచి పడితివా?"

పాప అప్పుడే నిద్రలోకి జారుకుంది. తమ్ముడు నోరు మెదపకుండా, వెనక్కి తిరక్కుండా, అయిదు వేళ్లూ విప్పి చెయ్యెత్తాడు.

"అయిదు ఎముకలా!" అని మామ అక్కడే కూలబడ్డాడు. మంచినీళ్లు తెద్దామని నేను లోపలికి పోయొచ్చేసరికి వీధిలో నిలబడి ఫోన్ చేస్తున్నాడు. పాపను చూపించాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడుగానీ, అప్పటికే కబురు ప్రొద్దుటూరు, మైదుకూరు దాటిపోయింది.

సాయంత్రానికి హార్లిక్స్ సీసాలు, కొబ్బరిబోండాలు, అరటిపండ్లతో బంధువులు దిగారు. పాప పాలు తాగి మళ్లీ నాన్న ఛాతీ ఎక్కింది. అందరూ వాకిట్లోనే నిలబడి ఆ తెల్లకట్టు చూసి ముక్కు చీదుతున్నారు. మైదుకూరు పెద్దాయన మా జేజిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, కట్టు ఎప్పుడు విప్పుతారన్నారని అడిగాడు.

"రెండున్నర కేజీలు వచ్చినాక" అంది జేజి.