రోము నుంచి వచ్చిన పెండ్లి పత్రిక

మొన్న హనుమకొండలోని మా ఇంటికి ఒక పెండ్లి పత్రిక వచ్చింది. మందపాటి అట్ట, బంగారు రంగు అక్షరాలు, ఉబ్బెత్తుగా వినాయకుడు. పేర్లన్నీ చక్కగా తెలుగులో ఉన్నాయి. తేదీ మాత్రం రోమన్ అంకెల్లో: ఎక్స్ ఎక్స్ వి ఐ, ఐ ఐ, ఎం ఎం ఎక్స్ ఎక్స్ వి ఐ. రోము సామ్రాజ్యం కూలిపోయిందని బడిలో చదువుకున్నాం. కూలలేదు. మన పత్రికలు అచ్చువేసే ప్రెస్సుల్లో తలదాచుకుంది.

ఇంట్లో వెంటనే పరిశోధక బృందం ఏర్పడింది. ఎం ఎం అంటే పెండ్లికొడుకు కొత్తగా సంపాదించిన డిగ్రీ అని బాపు అన్నాడు. పదో తరగతి చదివే మా వాడు, ఎక్స్ అంటే పదో తరగతి అనీ, రెండు ఎక్సులున్నాయి కాబట్టి వరుడు దాన్ని రెండుసార్లు చదివి ఉంటాడనీ తేల్చాడు. మామయ్య అందరికంటే లోతైన పండితుడు. నడిమి రెండు నిలువు గీతలను పదకొండుగా పోల్చుకుని, "నవంబరులో కదా, ఇప్పటినుంచే బట్టలెందుకు?" అని తీర్పు చెప్పి కాళ్లు చాపుకున్నాడు.

అసలు రోమన్లే తేదీని ఇలా రాయలేదు. ఈ పత్రికలోని ఫిబ్రవరి 26ను వాళ్లు మార్చి ఒకటికి ముందు నాలుగో రోజు అనేవారు, మార్చి ఒకటినీ లెక్కలో కలుపుకుని. ఏడాదిని ఆ యేటి కాన్సుల్‌ల, అంటే ఆ ఏడాది పాలించే పెద్ద అధికారుల, పేర్లతో గుర్తుపెట్టుకునేవారు. అంత మోజుంటే పత్రికలో 2026 తీసేసి మేయరు పేరు వేయించాలి.

ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్న రోజుల్లో, 1202లో, ఇటలీలోని పీసా నగరపు గణితవేత్త ఫిబొనాచి భారతీయుల తొమ్మిది అంకెలనూ సున్నానూ నేర్చుకోండని తన వాళ్ల కోసం పుస్తకమే రాశాడు. వాళ్లు అటకెక్కించిన సామానును ఇప్పుడు మనం దింపుకుంటున్నాం. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిదని ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. ఈ పత్రిక తేదీ మాత్రం పెండ్లికి ముందే శిథిలమైంది.

మా పెద్దమ్మది పరకాల దగ్గరి పల్లె. యాభై దాటాక రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. బస్సు సమయం, కరెంటు బిల్లు, మందుల అట్ట మీది గడువు, అన్నీ తానే చూసుకుంటుంది. పత్రికను అటూ ఇటూ తిప్పి, "నా కండ్లు మసకబారినట్టున్నాయి బిడ్డా" అని పక్కన పెట్టింది. ఆమె కండ్లకేమీ కాలేదు! రమ్మని పిలిచే కాగితం మీద, పిలిచినవాళ్లు కూడా కూడబలుక్కుని చదవాల్సిన రాత రాసి, ఒక ముసలామె తన చూపునే అనుమానించుకునేలా చేశారు. ఎవరి గొప్ప కోసం? పలక పట్టుకుని, నలుగురు నవ్వుతారన్న సిగ్గును చంపుకుని ఆమె సంపాదించుకున్న చదువు అది. దాన్ని బంగారు సిరాతో కొట్టివేసే హక్కు మీకెవరిచ్చారు?

బాల్‌పెన్నుతో పత్రిక వెనుక 26-2-2026 అని పెద్దగా రాసి ఇచ్చాను. పెద్దమ్మ ఒక్కసారి చూసింది. గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, "గురువారం" అంది.