మహారాజశ్రీ షార్ప్‌నెస్ స్లైడర్ గారికి

విశాఖపట్నం సీతమ్మధార నుంచి, డాబా మీది చంద్రుడి పిచ్చోడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఒక్క చంద్రుడికే ఒంట్లో బాగోలేదు. పోయిన నెల నవమి రాత్రి తమరి చేతిలో పడ్డాక ఆయనకి ఒళ్లంతా గజ్జి పట్టింది. బుగ్గల నిండా పొక్కులు. అంచు చుట్టూ ఇత్తడి చెంబుకి కళాయి పూసినట్టు ఒక తెల్లటి గీత, దాన్ని ఆనుకుని ఒక నల్లటి గీత. మా ఆవిడ చూసి, "ఇదేంటండీ, చంద్రుణ్ణి నూనెలో వేయించారా?" అంది.

తమరి ఘనత తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఫోటోలకి పదును పెట్టే రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో తమరు ఆరుగురు అన్నదమ్ములు. వేవ్‌లెట్లు అనే లెక్కతో ఫోటోని పిండి జల్లించినట్టు ఆరు పొరలు చేస్తారు. ముతక వివరాలు ఒక పొర, మధ్యరకం ఇంకో పొర, అలా సన్నపొడి దాకా. ఒక్కో పొర మీద ఒక్కొక్కరి పెత్తనం. అన్నిటికంటే సన్నపొర తమరిది. మౌస్‌తో తమరిని కుడివైపు జరిపితే చాలు, మసకగా ఉన్న గోతి అంచు నిగ్గు తేలుతుంది. ఇంకొంచెం జరిపితే, లేని గోతికి కూడా అంచు వస్తుంది. ఈ రెండిటికీ మధ్య గట్టు ఎక్కడుందో తమరు ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు. నా ఫిర్యాదంతా అదే. మిగతాది ఊరికే కడుపుమంట.

అసలు చంద్రుడు తమరి దాకా ఎలా వస్తాడో తమరికి తెలియదు. తమరు లాప్‌టాప్‌లో దర్జాగా కూర్చుంటారు. నేను డాబా మీద ఉంటాను. అదీ వైజాగ్ డాబా. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదింటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలో చంద్రుడు మరుగుతున్న సాంబార్లో ములక్కాడ ముక్కలా ఊగుతాడు. పోనీ చల్లబడుతుందని నీళ్లు కొడితే, ఆ తడి వెళ్లి టెలిస్కోప్ అద్దానికి పడుతుంది. అసలే సముద్రగాలి. కెమెరా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచకపోతే లెన్సుకి బూజు పట్టే ఊరు ఇది. కింద వాటావాళ్ల ఏసీ అవుట్‌డోర్ యూనిట్, సరిగ్గా నేను చూసే దిక్కు చూసుకునే వేడిగాలి వదులుతుంది. ఎదురింటి పిన్నిగారు ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి, "ఏటి బాబూ, ఆ గొట్టం మా కిటికీ వైపు తిప్పేవేటి?" అని అడుగుతారు. ఆవిణ్ణి పిలిచి చంద్రుణ్ణి చూపించి ఒప్పించేసరికి, ఆయన గొట్టంలోంచి జారిపోయి ఉంటాడు. నాది 130 మిల్లీమీటర్ల అద్దం, మోటారు లేని స్టాండు. భూమి తిరగడం ఆపదు కాబట్టి రెండు నిమిషాల్లో చంద్రుడు తన వెడల్పంత దూరం జరిగిపోతాడు. నేను పిడి తిప్పుతూ వెంటపడాలి. పైగా ఈ అద్దం టెలిస్కోప్‌లో అంతా తలకిందులు. మూడేళ్లయినా ఎడమకి తిప్పాల్సింది కుడికి తిప్పుతూనే ఉన్నాను.

ఇలా తంటాలు పడి వీడియో తీస్తే ఓ 3,000 ఫ్రేములు వస్తాయి. గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినప్పుడు పడిన ఫ్రేములే అందులో పనికొచ్చేవి. దీన్ని లక్కీ ఇమేజింగ్ అంటారు. అలాంటి అదృష్టపు ఫ్రేము దొరికే అవకాశం ఎంతో డేవిడ్ ఫ్రైడ్ అనే ఆయన 1978లోనే లెక్కగట్టి పెట్టాడు. మా వీధి జ్యోతిష్యుడు కూడా అదృష్టానికి అంత కచ్చితమైన లెక్క చెప్పలేడు. తర్వాత ఆటోస్టాకర్ట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్, పాపం, ఆ మూడు వేలనీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతుంది. మంచివి పదో వంతు, అంటే 300 తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడుతుంది. 300 పేరిస్తే నాయిస్, అంటే బొమ్మ మీది గరుకు, దాదాపు 17 రెట్లు తగ్గుతుంది. బొమ్మ మాత్రం తడిసిన అప్పడంలా మెత్తగానే ఉంటుంది. కానీ అందులో పొదుపు ఉంటుంది. తమరు ఖర్చుపెట్టేది ఆ పొదుపునే. అమ్మ పోపులపెట్టెలో రూపాయి రూపాయి దాచినట్టు అది దాస్తుంది. తమరు పెద్దకొడుకులా వచ్చి ఒక్క ఊపులో ఊడ్చేస్తారు. అయిపోయాక కూడా ఆగరు, అప్పు చేస్తారు. ఆ అప్పే చంద్రుడి మొహం మీది పొక్కులు.

ఇన్ని తిడుతున్నాను కానీ, తమరు నన్ను మొదట్లో ఎంత సుఖపెట్టారో దాచను. ఆ రోజు వినాయక చవితి. మధ్యాహ్నం దాకా వాన, సాయంత్రానికి పడమట తేటపడి సింహాచలం కొండల మీద చవితి చంద్రుడు కనిపించాడు. అమ్మ వద్దంటూనే ఉంది. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు తప్పవు, సాక్షాత్తూ కృష్ణుడికే తప్పలేదు అని. కథ విన్నాను, అక్షింతలు వేసుకున్నాను, ఇంకేంటి అని డాబా ఎక్కాను. మేర్ క్రైసియం అనే గుండ్రటి నల్లమచ్చ ముద్దుగా పడింది. మెత్తటి బొమ్మని ముందు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒక్క లైకు. అదీ అమ్మది. అప్పుడు తమరిని జరిపాను. రెండోసారి పెట్టాను. ఐదు నిమిషాల్లో బావగారి మెసేజ్: "నెట్‌లో దింపేవా?"

నీలాపనింద! ఆ నింద చదివి నాకు కలిగిన ఆనందం, శ్యమంతకమణి దొరికినప్పుడు కృష్ణుడికి కూడా కలిగుండదు. దొంగ అన్నారంటే అంత బాగా వచ్చిందన్నమాటే కదా. అప్పటి నుంచి ఎవరో ఒకరు నింద వేసేదాకా తమరిని జరపడం అలవాటైంది. (బావగారి ఫోన్‌ది వేరే కథ. చంద్రుడి వైపు పెట్టి జూమ్ చేస్తే చాలు, తెలిసిన మొహమేగా అని మచ్చలు అదే దిద్దేస్తుంది. దాన్ని మాత్రం నెట్‌లో దింపావా అని ఎవరూ అడగరు.)

తమరి పక్కింటాయన, రంగుల స్లైడరు, తమరికంటే కొంచెం నయం. చంద్రుడి మీద సముద్రాలని పిలిచే నల్లమచ్చల్లో టైటానియం ఎక్కువున్న రాయికి నీలం జీర, తక్కువున్నదానికి ఎర్ర జీర ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. ఆయన దాన్ని పెంచి చూపిస్తాడు, అంతే, ఉన్నదాన్నే పెంచుతాడు. అయినా ఆయన్ని కూడా నేను నిదానంగా ఉండనివ్వలేదు. ఒకసారి శాంతి సముద్రం ఆర్కే బీచ్‌లో అమ్మే రంగుల ఐస్‌లా తయారైంది.

ఇక నవమి సంగతి. చంద్రుడి మీద ప్లేటో అని 100 కిలోమీటర్ల గొయ్యి ఉంది. అడుగంతా లావా పరుచుకుని బడిపలకలా నల్లగా, నున్నగా ఉంటుంది. ఆ పలక మీద కొన్ని బుల్లి గోతులు. వాటిలో కాస్త పెద్దవి నాలుగైదు, అవీ రెండు కిలోమీటర్ల పైచిలుకే. చిన్న టెలిస్కోపుల వాళ్లకి అదే పరీక్ష పేపరు. ఏ అద్దం సత్తా ఎంతో చెప్పడానికి ఒక లెక్క ఉంది. 116ని అద్దం వ్యాసంతో భాగించాలి. నా 130కి 0.9 ఆర్క్ సెకన్లు (అదో బుల్లి కోణం కొలత) వస్తుంది. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడి మీద అది సుమారు 1.7 కిలోమీటర్లు. అంతకంటే చాలా చిన్న గోతులు చూశానని నా బోటివాడు ఎవడైనా అంటే, వాడు చూడలేదు, తమరు చూపించారు.

ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. అయినా ఆ రాత్రి ఒంటిగంటకి తమరిని చివరిదాకా జరిపి, స్క్రీన్‌కి ముక్కు ఆనించి, ప్లేటోలో గోతులు లెక్కపెట్టాను. 17. నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి బాణం గుర్తులు పెట్టి, నంబర్లు వేసి, నాలాంటి పిచ్చే ఉన్న మరో ముగ్గురికి పంపించాను. అందులో ఒకాయన రిటైరైన ఫిజిక్స్ మేష్టారు. ఆయన మెచ్చుకోలేదు, నింద కూడా వేయలేదు. "బాగున్నాయి బాబూ. రెండో వీడియోలో కూడా ఇవే వచ్చాయా?" అన్నారు.

రెండో వీడియో ఉంది. పది నిమిషాల తర్వాత తీసింది. దాన్నీ అలాగే ఏరి, పేర్చి, తమరికి అప్పగించాను. ఈసారి 19 గోతులు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండిట్లోనూ ఒకేచోట ఉన్నవి 4. పది నిమిషాల్లో ప్లేటోలో 13 గోతులు పూడిపోయి, 15 కొత్తవి తవ్వుకున్నాయన్నమాట. మా జీవీఎంసీ రోడ్ల మీద కూడా అంత స్పీడుగా జరగదు.

మేష్టారికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, కథ మొదలుపెట్టారు. 1840లో ఈ ఊళ్లోనే, డాబాగార్డెన్స్‌లో, గోడె వెంకట జగ్గారావు గారు సొంత అబ్జర్వేటరీ పెట్టారట. అదే ఏడు అక్కడెక్కడో న్యూయార్క్‌లో జాన్ డ్రేపర్ వెండిపూత వేసిన రాగిరేకు మీద చంద్రుడి ఫోటో తీశాడట. జగ్గారావు గారి తర్వాత అబ్జర్వేటరీని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రుడు వెళ్లడాన్ని ఆయన ఇక్కడి నుంచే పరిశీలించారు. "ఆయన దగ్గర జరపడానికి గడియారం ముల్లు తప్ప ఇంకేం లేదు బాబూ. దాన్ని జరిపే మనిషి కాదు," అన్నారు మేష్టారు. డాబాగార్డెన్స్ మా ఇంటికి దగ్గరే. మర్నాడు బండి మీద అటు వెళ్తుంటే ఎందుకో తల వంచుకున్నాను.

తమరి అసలు ఘనకార్యం మాత్రం మా హాల్లో గోడకి వేలాడుతోంది. పున్నమి చంద్రుడు, ఫ్రేము కట్టించి మరీ. పున్నమి నాడు ఎండ తిన్నగా పడుతుంది, నీడలుండవు, గోతులు తేలవు. అందుకని తమరినే నమ్ముకుని లాగాల్సినంత లాగాను. కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక అమ్మ ఊరి నుంచి వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడింది. "కుందేలేదిరా?" అంది. "చిన్నప్పుడు నీకు చూపించి అన్నం పెట్టేదాన్ని కదా, అది." నేనూ వెతికాను. పొక్కులున్నాయి, గీతలున్నాయి. కుందేలు లేదు. దాని చెవులు తమరి ఉప్పురాళ్ల కింద ఎక్కడో కూరుకుపోయాయి.

మీ అమ్మ చూసే కుందేలు మాత్రం అక్కడ ఉందా అని తమరు అడగొచ్చు. లేదు. లావా మరకల్ని కలిపి కన్ను కుందేలు చేసుకుంటుంది. ఆ లెక్కన కన్ను తమరికి వేలువిడిచిన మేనమామే. కానీ అమ్మ ఏనాడూ కుందేలు చెవికి బాణం గుర్తు పెట్టి, నంబరు వేసి, మేష్టారికి పంపలేదు.

కాబట్టి ఇకమీదట ఇదీ ఏర్పాటు. స్క్రీన్ మీద, తమరు నడిచే దారిలో పావువంతు దగ్గర చిన్న సెల్లోటేపు ముక్క అంటించాను. మౌస్ బాణానికి సెల్లోటేపు అడ్డం కాదని నాకు తెలుసు. నాకు తెలుసని తమరికీ తెలుసు. రేపు అష్టమి, సాయంత్రం ఆరింటికే చంద్రుడు నెత్తిమీదికొస్తాడు. ప్రతిదానికీ రెండేసి వీడియోలు తీస్తాను. పిన్నిగారికి ముందే చెప్పి ఉంచాను.

ఇట్లు,
తమరి బాకీదారు

తా.క. 4 గోతులు మాత్రమే ఉన్న ప్లేటో బొమ్మని నిన్న గ్రూపులో పెట్టాను. "మసగ్గా ఉందేటి, ఫోన్‌తో తీసేవా?" అన్నారు బావగారు. సెల్లోటేపు ఒక మూల కొంచెం లేచింది.